విద్యార్థుల చేతి ఉపగ్రహము
(ఉపన్యాస పాఠము)



ఇట్టి సాంస్కృతిక సభలయందు కవిత్వమును గూర్చియు, సంగీతమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయము వేరు. కాలేజీలలో చదువుకొను పిల్లలు ఒక బృందముగా చేరి, తమ చదువునకు సాధనముగా ఒక ఉపగ్రహమును తామే నిర్మించుకొనుటయే ఆ విషయము. ఇది సంస్కృతికి దూరమని కొందరికి తోపవచ్చును. కాని పదిమంది కూడి నాటకము ఆడుటకును, పదిమంది కూడి యంత్రము కట్టుటకును కావలసిన గుణములు చాలవరకు ఒక్కటే. నాటక సమాజములు ఏల విరిగిపోవునో ఎరిగినవారు ఈ సభలోనే పెక్కుమంది కలరు. వారికి ఈ ప్రసంగమున సగభాగము ముందుగానే తెలిసియుండును.

ఉపగ్రహమనగానే ప్రభుత్వము, కోట్ల రూపాయలు, శ్రీహరికోట మనస్సునకు వచ్చును. దానిని బడిలోని సూక్ష్మదర్శినివలె, భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని లోలకమువలె పాఠ్యసామగ్రిగా చేయవచ్చునను ఊహ అంత పాతది కాదు. 1990వ దశాబ్దపు చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బాబ్ ట్విగ్స్ అను ఆచార్యుడు విద్యార్థులచేత ఉపగ్రహములు కట్టించుచుండెను. వానిలో ఓపల్ అనునది మరికొన్ని బుల్లి ఉపగ్రహములను కడుపులో మోసికొనిపోయి అంతరిక్షమున విడుచునట్టిది. అది 2000వ సంవత్సరము జనవరిలో పైకి పోయెను. అంతకు మునుపే ఆచార్యునకు ఒక సంగతి బోధపడినది. యంత్రము పెద్దదైనచో విద్యార్థి చదువు ముగియును గాని యంత్రము ముగియదు. చదువు కాలమును పొడిగింపలేము కనుక యంత్రమును కుదింపవలెను. ఎంతకు కుదింపవలెను? దుకాణములో బీనీ బేబీ అను గుడ్డబొమ్మలను పెట్టి అమ్ము చదరపు ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఆయన కంటబడెను. దాని ప్రక్కలకు సౌరఘటములు అతికినచో సరిపోవునా యని చూచెను, సరిపోయినవి. 1999లో కాలిఫోర్నియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడైన జోర్డి పూయిగ్ సుఆరితో కూడి ఆయన ఒక ప్రమాణమును ఏర్పరచెను. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లు. అప్పటి నియమము చొప్పున బరువు ఒక కిలోగ్రాము మించరాదు. దీనికే క్యూబ్‌శాట్ అని పేరు. ఇట్టివి మూడింటిని ఒక అల్యూమినియపు పెట్టెలో వరుసగా కూర్చి, స్ప్రింగు నొక్కి మూతపెట్టి, రాకెట్టు ప్రక్కన కట్టి పంపుదురు. మూత తెరచుకొనగనే మూడును బయటికి దొరలును. రాకెట్టు యజమానికి లోపల నున్నది ఏ దేశపు పిల్లలు చేసినదో తెలియనక్కరలేదు. పెట్టె కొలతలు సరిగా నున్న చాలును.

ఈ చిన్న పెట్టెలోనికి ఏమేమి పట్టవలెనో చూచినచో ఇది ఏ విధముగా పాఠ్యసామగ్రి యగునో అర్థమగును. సౌరఘటములు, బ్యాటరీ, కంప్యూటరు, రేడియో, ఆంటెన్నా, దిక్కు తెలిసికొను పరికరములు, వీటన్నిటిని భరించు చట్రము, చివరకు ఏ పనికై ఇంత శ్రమపడిరో ఆ కెమెరాయో, కొలత సాధనమో. ప్రతి దానికిని ఒక బడ్జెటు. కేంద్రప్రభుత్వోద్యోగులకు బడ్జెటన్న ధనమే గుర్తునకు వచ్చుట సహజము. ఇచ్చట బరువునకు బడ్జెటు, విద్యుత్తునకు బడ్జెటు, రేడియో సంకేతపు బలమునకు బడ్జెటు. పది సెంటీమీటర్ల చదరపు ముఖముపై పడు సూర్యశక్తి సుమారు 13.6 వాట్లు. మేలురకము సౌరఘటములు దానిలో నాల్గవ వంతుకు కొంచెము మించి మాత్రమే విద్యుత్తుగా మార్చగలవు. ముఖమంతయు ఘటములతో నిండదు. మూలలు, మరలు, తీగెలు కొంత చోటు తినివేయును. మిగులునది రెండు, రెండున్నర వాట్లు. పడకగదిలో రాత్రి వెలిగించుకొను చిన్న దీపమునకు చాలునంత! భూమిని ఒకమారు చుట్టివచ్చు 97 నిమిషములలో సుమారు మూడవ వంతు కాలము ఉపగ్రహము భూచ్ఛాయలో నుండును. అప్పుడు ఆ మాత్రము విద్యుత్తును ఉండదు. కెమెరా బృందము వారు అర వాటు ఎక్కువ కావలెనన్నచో రేడియో బృందము వారు ఆ మేరకు తగ్గించుకొనవలెను. పద్దొనిమిదేండ్ల పిల్లలు బల్ల చుట్టును కూర్చుండి అర వాటుకై వాదులాడుకొని, చివరకు కాగితముమీద లెక్కవేసి ఒప్పుకొనుటలో నున్న చదువు ఏ పాఠ్యపుస్తకమునందును లేదు.

అన్నియు గొప్ప సామగ్రితోనే జరుగవలెనను నియమమును లేదు. చాలా క్యూబ్‌శాట్‌లకు ఆంటెన్నా వడ్రంగివారు కొలతకు వాడు ఉక్కు టేపే. దానిని వంచి పెట్టె చుట్టును చుట్టి, చేపల గాలమునకు కట్టు నైలాను దారముతో బిగింతురు. అంతరిక్షమున పెట్టె విడివడిన పిమ్మట, నియమిత కాలము గడచిన తరువాత, చిన్న నిరోధకమును వేడిచేసి ఆ దారమును కాల్తురు. దారము తెగును, టేపు తన స్వభావముచేత నిటారుగా విచ్చుకొనును. దారము తెగకపోయినచో ఉపగ్రహము మూగ. భూమి నుండి ఎవ్వరును పోయి ఆ దారమును కోయజాలరు. కావున ఆ చిన్న ముడిని పిల్లలు చలిలో, వేడిలో, గాలి తీసిన పాత్రలో మరల మరల పరీక్షింతురు.

మన దేశమున విశ్వవిద్యాలయ మొకటి నిర్మించిన మొదటి ఉపగ్రహము చెన్నైలోని అణ్ణా విశ్వవిద్యాలయము వారి అనుశాట్. ఇస్రో మార్గదర్శకత్వమున తయారైన ఆ 40 కిలోగ్రాముల ఉపగ్రహము 2009 ఏప్రిల్ 20న పైకి పోయెను. దానికంటె చాల చిన్నదియు, కథలో తెలుగువారికి భాగము గలదియు మరియొకటి కలదు. 2007 సెప్టెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ ఖగోళయాన మహాసభ జరిగెను. విదేశముల విద్యార్థులు తాము కట్టిన ఉపగ్రహములను గూర్చి అచ్చట చెప్పుచుండగా విని, హైదరాబాదు, బెంగుళూరు నగరముల విద్యార్థులు కొందరు తామును ఏల కట్టరాదని అనుకొనిరి. ఆ మాటలోనుండి పుట్టినది స్టడ్‌శాట్. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రముల ఇంజనీరింగు కాలేజీలు ఏడు దానిలో చేరినవి. బెంగుళూరులోని నిట్టె మీనాక్షి కాలేజీలో భూకేంద్రము వెలసెను. హైదరాబాదులోని చైతన్య భారతి కాలేజీయు ఆ ఏడింటిలో నొకటి. బరువు ఒక కిలోగ్రామునకు లోపు. 2010 జూలై 12న పి.ఎస్.ఎల్.వి.-సి15 శ్రీహరికోట నుండి కార్టోశాట్-2బితోపాటు దానిని సుమారు 630 కిలోమీటర్ల ఎత్తున విడిచెను.

ఇచ్చట ఆగి ఆలోచింపదగినది ఆ రెండు నగరముల సంగతి. ఏడు కాలేజీలు, ఏడు పరీక్షా పట్టికలు, ఏడుగురు ప్రిన్సిపాళ్ళు. ఒక కాలేజీలో సెలవులైన మరియొక కాలేజీలో పరీక్షలు. పనిని పంచుకొనుట కాగితముమీద సులభము: ఈ కాలేజీకి చట్రము, ఆ కాలేజీకి రేడియో. చిక్కు వచ్చునది పంచిన భాగములు కలియు చోట. విద్యుత్ బృందము వారు తమ ప్లగ్గులో మూడవ సూది ఐదు వోల్టులు, నాల్గవ సూది నేల అని తలచుదురు. రేడియో బృందము వారు అదే తలక్రిందులుగా తలచుదురు. ఎవరి బల్లమీద వారి పరికరము చక్కగా పనిచేయును. రెండింటిని కలిపిన నిమిషమున పొగ వచ్చును. ఇది ఏ ఒక్క బృందముమీద చెప్పిన నింద కాదు. ఎక్కడ పదిమంది విడివిడిగా పనిచేసి చివర కలియుదురో అక్కడ పొంచియుండు ప్రమాదము. అందుచేత అనుభవజ్ఞులు ప్రతి బృందమున ఏ భాగమునకును చెందని విద్యార్థి నొకనిని నియమింపుమందురు. అతడు సోల్డరింగు చేయడు, ప్రోగ్రాము వ్రాయడు. ఏ సూది దేనికో, ఏ మర ఎంత పొడవో, ఎవరు ఏమి మార్చిరో వ్రాసి యుంచుటయే అతని పని. పిల్లలు మొదట ఆ పనిని చిన్నచూపు చూతురు. పొగ వచ్చిన పిమ్మట చూడరు.

ఐనను విద్యార్థి బృందమునకు అసలు కష్టము ఇదియును కాదు. అసలు కష్టము కాలము. ఇంజనీరింగు చదువు నాలుగేండ్లు. మొదటి యేడు పనికి కావలసిన విద్య చాలదు. నాల్గవ యేడు మనస్సంతయు ఉద్యోగముపైననో, విదేశపు చదువుపైననో నిలుచును. చేతికి చిక్కునవి నడుమ రెండేండ్లు. ఆ రెండేండ్లు పనిచేసి, ఏ మర ఏల అచ్చట పెట్టిరో తలలో నుంచుకొని, పట్టా పుచ్చుకొని, సామాను సర్దుకొని వెళ్ళిపోవుదురు. వచ్చినవారు గీత చూతురు గాని ఆ గీతకు కారణము చూడలేరు. కారణము తెలియక దానిని మార్తురు. వెనుకటివారు ఏ తప్పును తప్పించుకొనుటకు అట్లు గీసిరో ఆ తప్పే మరల జరుగును.

ముంబయిలోని ఐ.ఐ.టి. విద్యార్థుల ప్రథమ్ ఈ విషయమున గొప్ప పాఠము. 2007లో ఇద్దరు విద్యార్థుల ఆలోచనతో అది మొదలైనది. 2009లో ఇస్రోతో ఒడంబడిక జరిగినది. పైకి పోయినది 2016 సెప్టెంబరు 26న. నడుమ తొమ్మిదేండ్లు! మొదలిడినవారు పైకి పంపినవారు కారు. ఒకరి వెనుక నొకరు ఎన్నో తరగతుల పిల్లలు దానిని చేతులు మార్చుకొనుచు వచ్చిరి. పుణే ఇంజనీరింగు కాలేజీ వారి స్వయం 2008లో మొదలై 2016 జూన్ 22న పోయెను, అదియు ఎనిమిదేండ్లే. ఇన్నేండ్లు ఒక వస్తువు చావక బ్రతికినదనగా ఎచ్చటనో ఎవరో సరిగా అప్పగించి వెళ్ళిరనియే అర్థము.

ఈ సభలోనివారికి ఛార్జి అప్పగింత యననేమో వేరుగా చెప్పనక్కరలేదు. బదిలీయైన ఉద్యోగి ఫైళ్ళు, తాళపుచెవులు, రిజిష్టర్లు పట్టిక వేసి ఇచ్చును. వచ్చినవాడు లెక్కచూచుకొని సంతకము చేయును. ఫైలులో లేనిది జరుగలేదనియే లెక్క. ఆఫీసులలో ఈ మాటను కొందరు ఎగతాళిగా వాడుట కలదు. విద్యార్థి బృందమునకు ఇది ప్రాణాధారము. చక్కని అప్పగింతకు ఒక పరీక్ష యున్నది. వెళ్ళువాడు తన భాగమును గూర్చి సమస్తమును వ్రాసి యుంచవలెను. వచ్చువాడు ఆ వ్రాతను మాత్రమే చూచి అట్టి భాగము నొకదానిని తన చేతితో మొదటి నుండి కట్టవలెను. వెళ్ళువాడు ప్రక్కనే కూర్చుండవలెను గాని నోరు మెదపరాదు. కట్టినది పనిచేయనిచో తప్పు కట్టినవానిది కాదు, వ్రాతది. వ్రాతను సరిదిద్ది మరల కట్టింపవలెను. దీనికి ఆరునెలలు పట్టును; ఆ ఆరునెలలు వృథా యని విద్యార్థులును, ఒక్కొక్కప్పుడు ఆచార్యులును తలచుదురు. ఆ ఆరునెలలు మిగుల్చుకొన్నవారు తరువాత రెండేండ్లు పోగొట్టుకొనుట అరుదు కాదు.

ప్రథమ్‌ను గూర్చి మరియొక మాట. సుమారు పది కిలోగ్రాముల ఆ పెట్టె చేయదలచిన పని ఊర్ధ్వ వాతావరణములోని అయనమండలమున ఎన్ని ఎలక్ట్రానులు కలవో లెక్కించుట. ఉపగ్రహము ఒకే తలమున కంపించు రేడియో తరంగములను రెండు వేర్వేరు పౌనఃపున్యములతో పంపును. అయనమండలము గుండ వచ్చునప్పుడు భూమి అయస్కాంత ప్రభావమువలన ఆ కంపనతలము మెలి తిరుగును. ఎలక్ట్రానులు ఎక్కువైన మెలి ఎక్కువ. పౌనఃపున్యము హెచ్చైన మెలి తక్కువ. క్రింద అడ్డముగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు యాగీ ఆంటెన్నాలు నిలిపి ఆ మెలిని కొలువవచ్చును. ఆంటెన్నాకు కావలసినవి అల్యూమినియపు కడ్డీలు, కొంత కేబులు, రేడియో గ్రాహకము. కావున ముంబయి విద్యార్థులు ఇతర కాలేజీల విద్యార్థులను పిలిచి, మీ మీ మేడలమీద మీరును భూకేంద్రములు కట్టుకొనుడు, అందరము కొలుతము అనిరి. వారికి పాఠములు చెప్పిరి. ఒక కాలేజీలో పుట్టిన యంత్రము పెక్కు కాలేజీలకు పాఠ్యసామగ్రి యగుట ఇట్లు. అయనమండల పరిశోధన తెలుగునాటికి క్రొత్త కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర శాఖయందు ఆచార్య భావరాజు రామచంద్రరావుగారును, వారి శిష్యులును ఉపగ్రహముల కాలమునకు ముందు నుండియే నేలమీది రేడియో సాధనములతో దానిని శోధించిరి. భూమధ్యరేఖకు దాపున నున్న మన దేశముపై ఆ మండలము ఎంతో చంచలముగా నుండును. దాని తీరు తెలియనిచో నేడు ప్రతి సెల్‌ఫోనులోను దారి చూపు ఉపగ్రహ సంకేతములకు గూడ కొన్ని మీటర్ల తప్పు కలుగును.

అప్పగింతతో కాలమును జయించుట ఒక మార్గము. ట్విగ్స్ ఆచార్యుడు తలచినట్లు యంత్రమునే కుదించుట రెండవది. ఈ రెండవ మార్గమును ఖచ్చితముగా పాటించినవారు జపానులోని క్యూషూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారు. ఆచార్య మెంగూ చో నాయకత్వమున వారు బర్డ్స్ అను పథకము నడపిరి. ఇంకను సొంత ఉపగ్రహము లేని దేశముల నుండి గూడ విద్యార్థులు అచ్చటికి వచ్చిరి. రెండేండ్ల పట్టా కాలములోపల ఊహ నుండి కక్ష్యవరకు అన్నియు చూచి పోవలెననుట నియమము. మొదటి బృందమున బంగ్లాదేశ్, మంగోలియా, ఘనా, నైజీరియా, జపాను విద్యార్థులు ఒకే తీరు పెట్టెలు ఐదు కట్టిరి. 2017 జూన్ 3న అవి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు పోయి, జూలై 7న అచ్చట నుండి విడువబడినవి. బంగ్లాదేశ్ వారి మొదటి ఉపగ్రహమైన బ్రాక్ అన్వేష అదియే. ఢాకాలోని బ్రాక్ విశ్వవిద్యాలయమున దానికి భూకేంద్రము కట్టిరి. రెండవ బృందమున భూటాను పిల్లలు చేరిరి. భూటాన్-1 2018 ఆగస్టులో కక్ష్యకెక్కెను. మూడవ బృందమున నేపాలు, శ్రీలంక. నేపాలీశాట్-1, రావణ-1 అనునవి 2019 జూన్‌లో విడువబడినవి. మూడేండ్లలో మన ఇరుగుపొరుగు దేశములు నాలుగింటికి మొదటి ఉపగ్రహములు విద్యార్థుల చేతులమీదుగా వచ్చినవి. కక్ష్య తక్కువ ఎత్తున నుండుటచేత అవి కొలది ఏండ్లకే వాతావరణములో పడి కాలిపోయినవి. వానిని కట్టినవారు మాత్రము తమ తమ దేశములకు తిరిగిపోయిరి.

ఈ రెండు మార్గములలో ఏది మేలు? క్రొత్తగా మొదలిడు కాలేజీకి రెండవదియే మేలని చెప్పక తప్పదు. తొమ్మిదేండ్ల ఓపిక ప్రతి విద్యాలయమునకును ఉండదు. ఉపగ్రహమువరకు పోకుండ, పానీయపు డబ్బాలో పట్టునట్టి క్యాన్‌శాట్ అను చిన్న పరికరముతో మొదలిడుట ఇంకను తెలివైన పని. ఇదియు ట్విగ్స్ ఊహయే. దానిని చిన్న రాకెట్టుతోనో, బెలూనుతోనో పైకి పంపి గొడుగు కట్టి విడుతురు. దిగి వచ్చునంతలో ఉష్ణోగ్రతను, గాలి ఒత్తిడిని కొలిచి రేడియోలో చెప్పును. అది పడిన చోటికి పోయి ఏరుకొనవచ్చును, తప్పు చూచుకొనవచ్చును. అంతరిక్షమున ఆ అవకాశము లేదు.

బృందము కట్టునప్పుడు కేవలము తెలివిగలవారిని ఏరుకొనుట చాలదు. సామాను తెప్పించువాడు కావలెను. మేలురకము సౌరఘటములు అంగడిలో దొరకవు. విదేశము నుండి రావలెను, సుంకము కట్టవలెను, కొటేషనులు పిలువవలెను, తులనాత్మక పట్టిక వేయవలెను. రేడియోకు పౌనఃపున్యము కావలెను. అందుకు ఢిల్లీలోని సంచార్ భవనమందున్న వైర్‌లెస్ ప్రణాళికా సమన్వయ విభాగమునకు దరఖాస్తు పోవలెను, హామ్ రేడియో వారి అంతర్జాతీయ సంఘముతోను సమన్వయము జరుగవలెను. అనగా విద్యార్థి బృందపు కాగితము ఏదో ఒక దినమున ఈ సభలో కూర్చున్నవంటివారి బల్లమీదికే వచ్చును. దానిపై పెద్ద కార్ఖానా ముద్ర ఉండదు. వచ్చీరాని ఆఫీసు భాషలో ఇరువదేండ్ల పిల్లవాడు వ్రాసిన ఉత్తరము. అది ఏ కార్యాలయమందైనను ఆరునెలలు ఆగినచో, పనిచేయుటకు ఆ పిల్లవానికున్న రెండేండ్లలో నాల్గవ వంతు అచ్చటనే పోయినది. ఈ లెక్క ఆ ఉత్తరముమీద వ్రాసియుండదు.

ఆచార్యుల పాత్ర మరింత సున్నితమైనది. గడువు దగ్గరపడిన కొలది పిల్లల చేతిలోని పనిముట్టు తాము పుచ్చుకొని పూర్తిచేయవలెనను ఆతురత కలుగును. తయారైన భాగములను కొని తెచ్చి, బిగించి, పైన కాలేజీ పేరు అంటించుట అంతకంటె సులభము. అట్టి ఉపగ్రహము చక్కగా తిరుగును; పత్రికలలో ఫోటోలు పడును. కాని దానిలో పిల్లలు నేర్చినది మరలు బిగించుట. ఇస్రో శాస్త్రజ్ఞులు విద్యార్థి ఉపగ్రహములను సమీక్షించునప్పుడు బల్ల కావల నిలుచుండి సమాధానము చెప్పవలసినది విద్యార్థియే. ఈ నిరోధకము ఏల, ఈ ఘటము వేడెక్కినచో ఏమగును, ఈ అంకెకు ఆధారమేమి అని అడుగుదురు. తెలియదన్నచో తెలిసికొని రమ్మందురు. ఆ గదిలో ఆచార్యుడు వెనుక వరుసన మౌనముగా కూర్చుండగలిగెనా, పని సరిగా జరిగినదనుకొనవచ్చును.

ఇంత చేసినను ఫలితము చేతిలో లేదు. 2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెత్స్క్ నుండి మొదటి క్యూబ్‌శాట్‌లు పోయినప్పుడు టోక్యో విశ్వవిద్యాలయపు ఎక్స్.ఐ.-4 పదేండ్లకు పైగా పలుకుచునే యుండెను. అదే రాకెట్టులో పోయిన డెన్మార్కు సాంకేతిక విశ్వవిద్యాలయపు పెట్టె ఒక్కమారును పలుకలేదు. కెనడా వారిదియు అంతే. రెండింటిని కట్టినవారును శ్రద్ధగలవారే.

మన దేశపు ఉదాహరణ ఇంతకంటె మనస్సును తాకును. స్వాతంత్ర్యపు 75వ ఏట, దేశమందలి 75 బడులలో చదువు 750 మంది ఆడపిల్లలకు ఒక్కొక్క బడికి ఒక చిన్న ప్రయోగ సాధనము వంతున ఇచ్చి, వారిచేత వానికి ప్రోగ్రాములు వ్రాయించిరి. ఒక్కొక్కటి సుమారు 50 గ్రాములు. వారిలో పెక్కుమంది ప్రభుత్వ బడుల పిల్లలు. చెన్నైలోని స్పేస్ కిడ్స్ ఇండియా వారు ఈ 75 సాధనములను కూర్చి ఎనిమిది కిలోగ్రాముల ఉపగ్రహముగా చేసి, ఆజాదీశాట్ అని పేరు పెట్టిరి. ఇవి కొనితెచ్చి ఇచ్చిన సాధనములే గదా యని ఎవరైన అనవచ్చును. కాలేజీ విద్యార్థికి పెట్టిన కొలతను తొమ్మిదవ తరగతి బాలికకు పెట్టరాదు. ఒక సాధనమునకు తన మాట అర్థమగునట్లు చెప్పగలిగినచో ఆ వయస్సునకు అది గొప్ప పనియే.

2022 ఆగస్టు 7న క్రొత్త రాకెట్టు ఎస్.ఎస్.ఎల్.వి. మొదటిమారు శ్రీహరికోట నుండి లేచెను. బాలికలలో అనేకులు చూచుటకు వచ్చియుండిరి. రెండవ దశ విడిపోవునప్పుడు క్షణకాలము కలిగిన అదురువలన వేగమును కొలుచు సాధనములు తికమకపడినవి. కంప్యూటరు వానినన్నిటిని చెడిపోయినవిగా ఎంచెను. చివరకు కావలసిన వేగము కొంచెము తగ్గెను. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రని కక్ష్యకు బదులు ఒక కొన 356, మరియొక కొన 76 కిలోమీటర్ల కోలకక్ష్య ఏర్పడెను. 76 కిలోమీటర్ల వద్ద గాలి యుండును. అచ్చట ఏ ఉపగ్రహమును నిలువదు. బాలికల తప్పు ఇసుమంతయు లేదు. వారి సాధనములు పనిచేయునో లేదో తెలియు అవకాశమే కలుగలేదు.

పరీక్ష తప్పిన పిల్లలకు కారణము చెప్పగలము. తప్పు చేయని పిల్లలకు ఏమి చెప్పవలెను? ఇస్రో వారు కారణమును వెదకి, పట్టుకొని, దాచక ప్రకటించిరి. ఎనిమిది కిలోగ్రాముల పెట్టెను కూర్చినవారు మరల కూర్చిరి. సాధనములు మరల సిద్ధమైనవి. 2023 ఫిబ్రవరి 10న ఎస్.ఎస్.ఎల్.వి. రెండవమారు లేచి, 450 కిలోమీటర్ల కక్ష్యలో ఈఓఎస్-07ను, అమెరికా వారి జానస్-1ను, వానితోపాటు ఆజాదీశాట్-2ను విడిచెను. ఈ మారు బరువు 8.7 కిలోగ్రాములు.